మానవశాస్త్రము ఎవరి శాస్త్రము?

విశ్వవిద్యాలయములలో బోధించు శాస్త్రములలో మానవశాస్త్రమంత పెద్ద ప్రతిజ్ఞ చేసినది వేరొకటి లేదు. వృక్షశాస్త్రము చెట్టుచేమలతో తృప్తిపడినది. ఖగోళశాస్త్రము ఆకాశమును మాత్రమే కోరుకొన్నది. ఇది యన్ననో మనుష్యుని సర్వస్వమును తన పొలముగా హద్దు వేసికొన్నది. వాని యెముక, వాని మాట, వాని పంట, వాని పెండ్లి, వాని దేవత, వాని పాడె - వీనిలో దేనిని విడువను పొమ్మన్నది. ఇంతటి ప్రతిజ్ఞ చేసిన శాస్త్రము మన తెలుగునాట ఆచరణమున కెట్లు దిగినదో చూడుడు. పరిశీలింపదగిన మనుష్యుడనగా కొండమీద నుండువాడు. పరిశీలించువాడనగా కొండక్రింద నుండి బస్సెక్కి పోవువాడు. పైవాడు జవాబులు చెప్పవలెను. క్రిందివాడు ప్రశ్నలు వేయవలెను. ఈ పంపకము ఎవరు చేసిరి? ఏ ప్రమాణమున చేసిరి? ఈ పంపకము చెల్లదనియు, ఇది చెల్లినంతకాలము మానవశాస్త్రము సగము శాస్త్రమే యనియు నిరూపించుట ఈ వ్యాసమున మేము తలపెట్టిన పని.

ముందుగా ఈ విద్యయే వలదను వారికి సమాధానము చెప్పవలెను. మేము పాఠశాలలో పనిచేయువారము గనుక తలిదండ్రుల మాటలు ఏటేటా వినుచుందుము. "కోతి మనిషియైన కథ తెలిసికొనుటకు అయిదేండ్లు చదువవలెనా? దాని వలన అన్నము పుట్టునా?" అని యడుగువారు కొందరు. వీరి ప్రశ్నను మేము వెక్కిరింపము. అన్నమును గూర్చిన ప్రశ్న చిన్న ప్రశ్న కాదు. కాని అన్నమును గూర్చియే మేమును ఒక మాట అడుగుదుము. గోదావరిపై పోలవరము ఆనకట్ట కట్టుటకై కోయలు, కొండరెడ్లు నివసించు గ్రామములనేకము ముంపునకు గురియైనవి. ఇంజనీరు నీటిమట్టమును లెక్కించెను. తహసీలుదారు పట్టా యున్న పొలమును లెక్కించెను. అడవిలో ఏరుకొను చింతపండు, తేనె, గడ్డలు. పోడు కొట్టుకొనుటకు తరతరములుగా వంతులు వేసికొన్న మెట్ట. ఊరి పొలిమేరయందలి దేవత. ఏ యూరివారు ఏ యూరివారికి పిల్ల నిత్తురను బంధుత్వపు వల - వీనిని లెక్కించు పద్దు ఎవరి పుస్తకమున నున్నది? ఆ లెక్క తెలిసిన శాస్త్రము మానవశాస్త్రమొక్కటే. లెక్క లేనిదానికి పరిహారమును లేదు. కావున ఈ చదువు వలన అన్నము పుట్టునా యని యడుగువారు, ఇది లేనందువలన ఎందరి అన్నము పోయినదో కూడ అడుగవలెను.

షెడ్యూల్డు ప్రాంతములలోని భూమి గిరిజనేతరుల చేతికి మారకూడదని 1970లో వచ్చిన ఒకటవ నిబంధనమును, ప్రభుత్వము సయితము అట్టి భూమిని గనులకై గిరిజనేతరులకు కౌలు కీయరాదని 1997లో సమత కేసున సుప్రీముకోర్టు చెప్పిన తీర్పును మనవారెల్లరు వినియేయున్నారు. ఈ చట్టములకు ప్రాణము ఒక్క తెలివిలో నున్నది: భూమి యనగా ఆ మనిషికి అమ్ముకొను సరకు కాదు, వాని కులదేవతయు, వాని పంటయు, వాని శ్మశానమును అదియే యను తెలివి. ఆ తెలివిని సంపాదించి న్యాయస్థానము ముందు పెట్టగల విద్య నిష్ప్రయోజనమని యెట్లనగలము?

ఇక రెండవ రకము వారు ఈ విద్యను వలదనరు. పైగా ఎగబడి చదువుదురు. సివిల్ సర్వీసుల పరీక్షలో మానవశాస్త్రము ఐచ్ఛికవిషయములలో నొకటి. పాఠ్యభాగము చిన్నది, మార్కులు పెద్దవి యను కీర్తి దీనికి గలదు. హైదరాబాదులోని శిక్షణాలయములలో పిల్లలు ఆరు నెలలలో ఆఫ్రికాలోని న్యూయర్లను, పసిఫిక్ మహాసముద్రములోని ట్రోబ్రియాండు దీవులవారిని, మన చెంచులను ఒక్క గుటకలో మ్రింగుదురు. అందు నెగ్గినవాడు రేపు ఐ.టి.డి.ఏ. అధికారియై అదే చెంచువాని యెదుట కుర్చీలో కూర్చుండును. వానికి చెంచును గూర్చి పది మార్కుల సమాధానము తెలియును. చెంచుతో పది నిమిషములు మాటాడుట తెలియదు. మందు పేరు కంఠస్థము చేసినవాడు వైద్యుడైనచో రోగి గతి యేమగునో, ఇచట ఏలబడువాని గతియు అదియే.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. కొండకును వీధికిని నడుమ ఈ గోడ ఎట్లు లేచినది? ఈ శాస్త్రము మన దేశమునకు పాలకుని పెట్టెలో వచ్చినది. రిస్లీ దొర ముక్కు వెడల్పును కొలిచి, ముక్కు విశాలమగు కొలది కులస్థానము తగ్గుచుండునని సిద్ధాంతము చేసెను; 1901 నాటి జనాభాలెక్కలకు అధిపతియై కులములను అంతస్తుల వరుసలో పేర్పింపజూచెను. చెన్నపట్టణపు మ్యూజియమునకు అధికారియైన ఎడ్గర్ థర్‌స్టన్, రంగాచారిగారి సహాయముతో, దక్షిణదేశపు కులములను తెగలను గూర్చి 1909లో ఏడు సంపుటములు వెలువరించెను. ఆ శ్రమను మేము తక్కువ చేయము. నేటికిని ఆ సంపుటములు తెరచినవారికి తాతల నాటి ఆచారములనేకము దొరకును. కాని అందు కొరవ-యెరుకలవారిని గూర్చిన భాగము తీసి చూడుడు. ఒక జాతి జీవితమును చదువుచున్నామా, పోలీసుస్టేషనులోని దస్త్రమును చదువుచున్నామా యను సందేహము కలుగును.

ఆ సందేహము వట్టిది కాదు. 1871లో పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లో చెన్నరాజధానికిని వచ్చెను. పుట్టుకచేతనే దొంగ యని ముద్రవేసి, మనుష్యులను సెటిల్‌మెంటులలో నిలిపి, వేలిముద్రలు తీసికొని, హాజరుపట్టీ పిలిచిరి. బాపట్ల చెంతనున్న స్టువార్టుపురము అట్లు వెలసినదే. ఆ చట్టము 1952లో రద్దయ్యెను. కాని ఊరిపేరు చెప్పగానే ఎదుటివాడు చూచు చూపును రద్దుచేయు చట్టము ఇంకను పుట్టలేదు. ఒక తెగ స్వభావము ఇట్టిదని గ్రంథమున వ్రాసినవాడు సిరాతో వ్రాసెను. అనుభవించినవాడు మూడు తరములు నుదుటితో అనుభవించెను. ఎద్దు పుండు కాకికి ముద్దా యని మనవా రూరక యనలేదు.

ఈ దోషము మన యొక్కదేశపుది కాదు. 2024లో ఇంగ్లండునందొక వేలముపాటలో పందొమ్మిదవ శతాబ్దపు నాగా మనుష్యుని పుర్రెను కొమ్ములతో సహా అమ్మకమునకు పెట్టిరి. నాగాలాండు ప్రజలును ముఖ్యమంత్రియు అభ్యంతరము చెప్పిన పిమ్మట దానిని ఉపసంహరించిరి. ఎవనికో తాత యైనవాడు మరియెవనికో సేకరణమున వస్తువయ్యెను. పరిశీలించువాడును పరిశీలింపబడువాడును ఎన్నడును స్థానములు మార్చుకొనరను నమ్మకమే ఈ యనర్థమునకు వేరు.

అట్లని శాస్త్రమునే తగులబెట్టుదమా? వలదు. ఈ శాస్త్రపు గొప్పదనము దాని లోపలనే దాని విరుగుడు పుట్టుటలో నున్నది. అమెరికాలో ఫ్రాంజ్ బోయజ్, వలస వచ్చినవారిని, వారి సంతానమును సుమారు పదునెనిమిదివేల మందిని కొలిపించి, ఒక్క తరములోనే తల ఆకారము మారుచున్నదని చూపి, తలను బట్టి జాతిని శాశ్వతముగా నిర్ణయించువారి నోరు మూయించెను. మన ఇరావతీ కర్వే కథ ఇంతకన్న రుచికరము. ఆమె 1920ల చివర బెర్లినులో యూజెన్ ఫిషర్ అను ఆచార్యుని క్రింద పరిశోధనము చేసెను. తెల్లవారి కపాలములలో కుడియెడమల తేడా యొక విధముగా నుండుననియు, అది వారి బుద్ధివిశేషమునకు గుర్తనియు ఆచార్యుని యూహ. ఆమె 149 కపాలములను కొలిచి, జాతికిని ఆ తేడాకును సంబంధము లేదని వ్రాసి యిచ్చెను. గురువు మెచ్చలేదు. పరదేశమున నున్న యొక స్త్రీ, పట్టమిచ్చు చేతికి నచ్చని సత్యమును ఆ చేతికే అందిచ్చినది. కొలబద్ద అదియే, పట్టుకొన్న చేయి మారినది. మా వాదమంతయు ఈ చేయి మారుటను గూర్చియే.

మన తెలుగునాటను మంచి చేతులు లేకపోలేదు. పర్లాకిమిడిలో బడిపంతులైన గిడుగు రామమూర్తిగారు ఏ విశ్వవిద్యాలయపు మానవశాస్త్రశాఖయు పంపకయే సవరల మధ్యకు పోయిరి. సవరభాష నేర్చిరి, ఆ భాషలో వాచకములు కూర్చిరి, సవరపిల్లలకు బడులు పెట్టిరి. 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. మేము వ్రాయుచున్న యీ గ్రాంథికశైలిని జీవితాంతము ఖండించిన మహానుభావుడే ఆయన. అయినను ఆయనకు నమస్కరించుటకు మా శైలి యడ్డురాదు. ఏలయన, ఆయన సవరల నుండి తీసికొన్న విద్యను సవరలకే వాచకముగా తిరిగి యిచ్చెను. అప్పు తీర్చిన పండితుడాయన.

ఆస్ట్రియా దేశస్థుడైన ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940లో చెంచుల మధ్యను, తరువాత కొండరెడ్ల మధ్యను, ఆదిలాబాదు గోండుల మధ్యను నివసించెను. 1940లోనే కొమరము భీము జోడేఘాటున నిజాము పోలీసుల తుపాకులకు బలియయ్యెను. తుపాకి ప్రేలిన తరువాత గాని గోండులు ఏల తిరుగబడిరో తెలిసికొనవలెనను బుద్ధి ప్రభువులకు పుట్టలేదు. తెలిసికొనుటకు హైమన్‌డార్ఫును నియోగించిరి. భూములు పరుల పాలగుటయు, అడవికి హద్దురాళ్లు వేయుటయు మూలకారణములని ఆయన చెప్పెను. గోండులకు పట్టా లిప్పించుటకును, మార్లవాయిలో 1943లో గోండుబడుల పనికి కేంద్రమును నెలకొల్పుటకును తోడ్పడెను. ఆయన భార్య బెట్టీ సమాధి మార్లవాయిలోనే యున్నది. ఇది గొప్ప కథయే. కాని గమనింపుడు: గోండుల కష్టమును గోండులే చెప్పినప్పుడు వినని ప్రభుత్వము దొర యాంగ్లమున చెప్పినప్పుడు వినెను. సత్యమునకు సాక్షి కావలెనన్న పైనుండి రావలెనను నాటి రీతి నేటికిని పోలేదు.

నేటి మాటకు వత్తము. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయమును, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, హైదరాబాదున కేంద్రీయ విశ్వవిద్యాలయమును ఈ శాస్త్రమును బోధించుచున్నవి. అందు యోగ్యులైన ఆచార్యులు గలరు. వారిలో కొందరు తమ వాడలను, తమ కులములను నిర్భయముగా పరిశోధించినవారును గలరు. మేము నిందించునది వ్యక్తులను కాదు, వాడుకను. క్షేత్రపరిశీలనము అనగానే విద్యార్థి మనస్సున మెదలునది అరకు, పాడేరు, రంపచోడవరము, నల్లమల, ఉట్నూరు. కొన్ని వారములు అచట నుండును. ప్రశ్నావళి నింపును. థింసా నృత్యమును ఫొటో తీయును. తిరిగివచ్చి ఆంగ్లమున నూరు పుటలు వ్రాసి, నల్ల అట్ట వేయించి, బంగారు అక్షరములు పొదిగించి సమర్పించును. ఆ పుస్తకము బీరువాలోనికి పోవును. విద్యార్థి ఉద్యోగమునకు పోవును. జవాబులు చెప్పిన ముసలమ్మకు ఏమి ముట్టినది? తన మాటలు ఏమైనవో ఆమెకు తెలియదు. తన మాటలలో ఏవి తప్పుగా వ్రాయబడినవో దిద్దుటకును ఆమెకు వీలు లేదు.

మరి ఇంటిలో పరిశీలింపదగినది లేదా? లూయీ హెన్రీ మోర్గన్ అను అమెరికా న్యాయవాది 1871లో ప్రకటించిన బంధుత్వగ్రంథమున తన దేశపు సెనెకా జాతివారి బంధువాచకములతో తమిళ తెలుగు కన్నడ వాచకములను సరిపోల్చి ఆశ్చర్యమున మునిగెను. దానినుండి ఆయన చేసిన యూహలు నిలువకపోయినను ఆయన కన్ను గొప్పది. తండ్రి అన్నదమ్ములు మనకు పెదతండ్రి, పినతండ్రి. తల్లి అక్కచెల్లెండ్రు పెదతల్లి, పినతల్లి. వీరి బిడ్డలు మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. మేనమామ బిడ్డలు, మేనత్త బిడ్డలు మాత్రము బావలు, మరదండ్రు; వారితో పెండ్లి కుదురును. మోర్గన్ కొన్ని యేండ్లు కష్టించి గ్రహించిన యీ సూత్రమును మన యవ్వలు దంపుడుపాటల మధ్య చెప్పగలరు. నేడు వారి మనుమలు ఈ యందరను "అంకుల్", "కజిన్" అను రెండు మాటలలో ముంచివేయుచున్నారు. ఒక మహాశాస్త్రగ్రంథము మన వసారాలో అక్షరమక్షరముగా చెరిగిపోవుచుండగా మన విద్యార్థి దానివైపు చూడడు.

మలినోవ్‌స్కీ మొదటి మహాయుద్ధకాలమున ట్రోబ్రియాండు దీవులలో నివసించి, అచట మేనల్లునిపై అధికారము తండ్రిది కాదు, మేనమామదని వ్రాసెను. మన విద్యార్థి దీనిని పరీక్షలో పొల్లుపోకుండ వ్రాయును. ఆ సెలవులలోనే తన యక్క పెండ్లికి పోవును. అచట మేనమామ వధువును గంపలో కూర్చుండబెట్టి మండపమునకు తెచ్చును. మేనమామయే యేల తేవలెను? తండ్రి తెచ్చిన నేమి? మేనరికమునకును ఈ గంపకును సంబంధ మేమి? మేనరికపు సంతానమున కలుగు వ్యాధులను గూర్చి వైద్యులు హెచ్చరించుచున్నను ఆచారము ఏ యింట తగ్గినది, ఏ యింట నిలిచినది, కట్నము పెరుగుటకును దానికిని లంకె యున్నదా? ఇన్ని ప్రశ్నలు ఆ గంపలో నున్నవి. అతడు మాత్రము ఫొటో తీసికొని భోజనపంక్తికి నడచును.

ఇంతవరకు తీయని ఉదాహరణములు చెప్పితిమి. చేదుగా నున్నవానిని చెప్పకుండుట సంస్కరణవాదులకు తగదు. 1985లో కారంచేడున మాదిగలు త్రాగు నీటిచెరువు కడ మొదలైన తగవు హత్యాకాండముగా ముగిసినది. 1991లో చుండూరున దళితులను నరికి గోతాములలో కుక్కి కాలువలోను పంటపొలములలోను పారవైచిరి. ఇవి కోస్తా డెల్టాలోని గ్రామములు. కాలువలు, కాలేజీలు, సినిమాహాళ్లు గల గ్రామములు. అట్టి గ్రామములలో పుట్టిన విద్యార్థి, తన యూరి చెరువున ఎవరు ఏ రేవున దిగుదురు, తన వీధి హోటలులో ఎవరి గ్లాసు వేరుగా నున్నది, తన యింటి పనిమనిషి టీ త్రాగు కప్పు ఏ కిటికీలో బోర్లించియున్నది, పట్టణమున ఇల్లు అద్దెకడిగినవానిని "మీరేమిటండీ?" అని తన తండ్రి యేల యడుగుచున్నాడు అను విషయములు ఒక్క పుటయైన వ్రాసికొనక, రంపచోడవరము బస్సెక్కి, కొండరెడ్ల "నిషేధాచారములను" పరిశీలించుచున్నాడు! నిషేధాచారములకు అంత దూరము పోవలెనా? గురివిందగింజ తన క్రింది నలుపెరుగదందురు. శాస్త్రజ్ఞుడు గురివింద యైనచో ఇక చెప్పవలసిన దేమున్నది?

దీనికి పండితులు చెప్పు ఆక్షేపణ మేము ఎరుగుదుము. "కన్ను తన్ను తాను చూడలేదు. దూరము లేనిదే నిష్పక్షపాతము లేదు. అందుచేతనే పరులను పరిశీలింపవలెను" అందురు. ఈ వాదము వినుటకు సొంపుగా నున్నది. నిలుచుటకు కాళ్లు లేవు. ఎం. ఎన్. శ్రీనివాస్ 1948లో తన మైసూరు సీమలోనే రాంపుర మను గ్రామమున నుండి పరిశీలించెను. 1970లో ఆయన వ్రాసికొన్న కాగితములు అమెరికాలో కాలిపోగా, జ్ఞాపకముతోనే వ్రాసి 1976లో ప్రకటించిన గ్రంథము నేటికిని ఆదర్శప్రాయము. తాను ఆ యూరిని చూచినది అగ్రవర్ణుల గడపలోనుండి యని ఆయనయే గుర్తించెను. చదువరులు ఈ యంశమును గట్టిగా పట్టుకొందురు గాక. దోషము దగ్గరనుండి చూచుటలో లేదు. ఒక్క గడపనుండియే చూచుటలో నున్నది. విరుగుడు దూరము పోవుట కాదు, గడపలు పెంచుట. దుబే పండితుడు 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయము పక్షమున హైదరాబాదు చెంతనున్న శామీరుపేటను పరిశీలించినప్పుడు వైద్యము, వ్యవసాయము మొదలగు వేర్వేరు విద్యలవారిని వెంటబెట్టుకొనిపోయెను. 1955లో ఆ గ్రంథము లండనున అచ్చయ్యెను. తెలుగుపల్లె ఒకటి ప్రపంచశాస్త్రమున స్థానము సంపాదించెను. మంచిది. ఆ పల్లెవారి వాకిటికి ఆ గ్రంథము ఏ భాషలో పోయినది?

ఆక్షేపకులకు ఇంకొక ఉదాహరణము చూపుదుము. 1916 మే 9వ తేదీన న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున గోల్డెన్‌వైజర్ ఆచార్యుని మానవశాస్త్ర గోష్ఠిలో ఇరువదియైదేండ్ల భారతీయ విద్యార్థి యొకడు కులముల పుట్టుకను గూర్చి వ్యాసము చదివెను. రిస్లీ ప్రభృతుల నిర్వచనములను ఒక్కొక్కదానిని తూచి, కులమునకు ప్రాణము ముక్కులో లేదనియు, తనలో తాను పెండ్లియాడు నియమములో నున్నదనియు, ఆ నియమమును కాపాడుటకే సతీసహగమనము, వైధవ్యము, బాల్యవివాహము పుట్టినవనియు ప్రతిపాదించెను. ఆ విద్యార్థి భీమరావు అంబేద్కరు. ఆయనను దూరము లేనివాడని త్రోసివేయుదురా? దూరము నుండి వచ్చినవారు ముక్కులు కొలుచుచుండగా, గాయము తగిలినవాడు కత్తి యెక్కడ నున్నదో చూపెను. పరిశీలింపబడువాడు పరిశీలకుడైననాడు ఈ శాస్త్రమునకు ఎట్టి వెలుగు వచ్చునో దీనికన్న సాక్ష్య మేమి కావలెను?

సంస్కృతము చదివినవారు "మేము నాగరకులము, వారు ఆటవికులు" అను భేదమును సనాతనమని తలచుట కద్దు. అమరకోశము కిరాత శబర పుళిందులను మ్లేచ్ఛజాతులలో చేర్చినది గదా యందురు. చేర్చినది. కాని ఇంకను వెనుకకు పోయి ఐతరేయబ్రాహ్మణమున శునశ్శేఫోపాఖ్యానమును చూడుడు. తండ్రి యాజ్ఞ మీరి శాపము పొందిన విశ్వామిత్రుని కుమారుల సంతతిగా, ఆర్యుల పొలిమేరల యవతల నుండు దస్యుప్రాయులుగా కొందరిని పేర్కొన్నారు. పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు - వారితోపాటు ఆంధ్రులు! మన జాతినామము మొట్టమొదట గ్రంథస్థమైనది సవరల ప్రక్కన, పొలిమేర యవతల. ఆ నాటి ప్రశ్నావళి పట్టుకొన్నవాని దృష్టిలో మనమే కొండమీదివారము. అంతస్తు శాశ్వతము కాదు. ఎవని చేత కలమున్నదో వానిని బట్టి కొండ స్థానము మారుచుండును.

కావున మేము కోరునవి మూడు. ఒకటి: మానవశాస్త్రమున చేరిన ప్రతి విద్యార్థియు మొదటి సంవత్సరమున తన యింటిని, తన వీధిని, తన కులమును పరిశీలించి వ్రాయవలెను. తన తల్లి వంటయింటి మడి నియమమును, తన తండ్రి ఇచ్చిపుచ్చుకొన్న కట్నపు పద్దును, తన యూరి శ్మశానములు ఎన్నిగా చీలియున్నవో దానిని వ్రాసి, సహాధ్యాయుల ప్రశ్నలకు నిలబడవలెను. ప్రశ్నింపబడుట యెట్లుండునో తెలియనివానికి ప్రశ్నించు నధికారము లేదు. ఇంట గెలిచి రచ్చ గెలువవలెను. రెండు: పరిశోధనమునకు పట్టమీయుటకు ముందు దాని సారమును తెలుగునను, పరిశీలింపబడినవారి భాష వేరైనచో ఆ భాషలోను, వారి యెదుట చదివి వినిపింపవలెను. వారు చెప్పిన దిద్దుబాట్లు గ్రంథమున చేరవలెను. గిడుగువారు ఒంటరిగా చేసిన పనిని ఇన్ని జీతములు గల శాఖలు చేయలేవా? మూడు: కోయ, సవర, గోండు, చెంచు, ఎరుకల బిడ్డలు ఈ శాఖలలో మార్గదర్శులుగాను దుబాసీలుగాను గాక ఆచార్యులుగా కూర్చుండవలెను. వారు తమ తెగలనే చదువవలెనని కట్టడి చేయరాదు. కోయ యువతి యొకతె జూబిలీహిల్సులోని పెండ్లిండ్లను, అమలాపురపు అగ్రహారమును, అమెరికాలో స్థిరపడిన తెలుగువారి సంఘములలోని కులపు చీలికలను పరిశీలించి గ్రంథము వ్రాయవలెను. మనము ఆమె ప్రశ్నలకు వసారాలో కూర్చుండి జవాబులు చెప్పవలెను. ఆ జవాబులు చెప్పునప్పుడు మనకు కలుగు జంకే ఈ శాస్త్రమున మనము నేర్వవలసిన మొదటి పాఠము.

"అట్లైన కొండవారిని ఎవరు పట్టించుకొందురు?" అని యొకరు అడుగవచ్చును. కొండకు పోవలదని మేము చెప్పలేదు. పోవలెను, కాని గుణము మార్చుకొని పోవలెను. తన యింటి గంపను, తన యింటి కప్పును పరీక్షించి పోయినవాడు కొండరెడ్డి యింట వింతలు వెదుకడు. తనవంటి మనిషినే చూచును. వింతను చూచినవాడు ఫొటో తెచ్చును. మనిషిని చూచినవాడు అర్జీ తెచ్చును, సాక్ష్యము తెచ్చును, ఆ మనిషి భూమి పోవుచున్ననాడు ప్రక్కన నిలుచును.

ఈ శాస్త్రము పేరున "మానవుడు" అను మాట యున్నది. అందు కొన్ని జాతులే కలవని ఎవరును అర్థము చెప్పలేదు, అలవాటు చెప్పినది. అలవాటును మార్చుటకు ధనము కావలయునని, శాసనము కావలయునని వంకలు పెట్టనక్కరలేదు. తన వీధి చివరకు నడచి పోవుటకు విద్యార్థికి బస్సు చార్జీ సయితము అక్కరలేదు. కావలసినది ఒక నోటుపుస్తకము, తన వారిని అడుగుటకు కొంత ధైర్యము, పరులు తన్ను అడిగినప్పుడు నిజము చెప్పుటకు అంతకు రెట్టింపు ధైర్యము. ఈ రెండవ ధైర్యమును నేర్పని విశ్వవిద్యాలయము ఎన్ని పట్టములిచ్చినను మానవశాస్త్రమును బోధించినది కాదు.